కన్నుకొట్టిన నక్షత్రం

ఆ నక్షత్రానికి పేరు లేదు, నంబరు ఉంది. జైల్లో ఖైదీకీ ఆకాశంలో నక్షత్రానికీ నంబరుతోనే పని గడిచిపోతుంది. కానీ రోజూ ఎత్తుకు మోసేవాళ్లకి నంబరుతో ముద్దు తీరదు కదా! అందుకని దానికి కాపలా కాసేవాళ్లంతా దాన్ని "చంటిది" అనేవారు.

చంటిది అనడానికి కారణం ఉంది. అది కుదురుగా వెలగదు. కొన్ని నిమిషాలకోసారి పిసరంత వెలుగు పెరుగుతుంది, పిసరంత తగ్గుతుంది, నిద్రలో ఉన్న పసిపిల్ల పొట్ట లేచి పడుతున్నట్టు. ఆ లేచిపడటాన్ని ఆపకుండా చూస్తూపోతే దాని కడుపులో ఏముందో చెప్పొచ్చు, డాక్టరు వీపుమీద వేళ్లతో తట్టి లోపలి సంగతి చెప్పినట్టు. చిక్కంతా ఆ "ఆపకుండా" దగ్గరే. ఎంత గొప్ప ఊరికైనా తెల్లారక తప్పదు. తెల్లారితే నక్షత్రం కనపడదు. సగం విన్న చాడీ ఎంత ప్రమాదమో సగం చూసిన నక్షత్రమూ అంతే. మధ్యలో గంట జారిపోతే కథ మొత్తం అడ్డం తిరుగుతుంది.

అందుకని భూమి చుట్టూ పదకొండు చోట్ల పదకొండు దుర్భిణులు చేయీ చేయీ కలిపి గొలుసు కట్టాయి. తూర్పువాళ్లకి తెల్లారేలోపు మనకి చీకటి పడుతుంది. మనకి తెల్లారేలోపు పడమటివాళ్లకి పడుతుంది. ఒకరి ఒళ్లోంచి ఇంకొకరి ఒళ్లోకి పిల్లని మార్చుకున్నట్టు, ఈ సీజనంతా చంటిదాన్ని కింద పెట్టకుండా కాచుకోవాలి.

ఈ గొలుసులో మన కొండమీది దుర్భిణికి చోటు దొరికిందంటే దాని వెనక ఒక అమ్మాయి మొండితనం ఉంది. గొలుసుని నడిపే కేంద్రానికి ఆమె ఉత్తరం మీద ఉత్తరం రాసింది. వాళ్లు వద్దన్న ప్రతిసారీ "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని మళ్లీ మొదలెట్టింది. చివరికి వాళ్లు విసిగి, ఒక షరతుతో ఒప్పుకున్నారు. "ఈ సీజను పరీక్షగా చూస్తాం. చూడాల్సింది చూడకపోయినా, లేనిది చూశామన్నా గొలుసులోంచి తీసేస్తాం." ఆ అమ్మాయి ఆ కాగితానికి ఫ్రేము కట్టించలేదు కానీ, కట్టించినంత పని చేసింది.

సీజను మొదలయ్యే ముందే ఆమెకి పెళ్లయింది. అప్పట్నుంచి ఆఫీసులో ఆమె చదివిన చదువులన్నీ కొట్టుకుపోయి, ఒక్క పేరు మిగిలింది: పెళ్లికూతురు. "పెళ్లికూతురు వచ్చిందా?" "ఆ కంప్యూటరు పాస్‌వర్డు పెళ్లికూతుర్ని అడగండి." ఆమె పైకి మూతి ముడుచుకునేది. లోపల మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా ఎవరో వెనకనుంచి కళ్లు మూసినట్టు కితకితలు పుట్టేవి.

పెళ్లికొడుకు లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు. కొండ కింద పట్నంలో ఎత్తైన భవనాల్లో ఇరుక్కుపోయినవాళ్లని బయటికి లాగడం అతని పని. సాయంత్రం అతను మోటారుసైకిలు మీద కొండెక్కి వచ్చే వేళకే, ఇక్కడ దుర్భిణి ఉన్న గోపురం తలుపు తెరిచి చంటిదాన్ని అందుకునే వేళ అవుతుంది. అంటే అతను ఇంటికొచ్చేసరికి ఆమె డ్యూటీలో ఉంటుంది. కొత్త దంపతులకి ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? అందుకని వాళ్లిద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. గోపురం కింద ఆఖరి మలుపులో అతను బండి ఆపి, హెడ్‌లైటు మూడుసార్లు వెలిగించి ఆర్పుతాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. "వచ్చేశాను" అని అర్థం. మూడోది పొడుగెందుకంటే, దాని అర్థం వేరే ఉంది. అది మనకి అనవసరం.

ఆ వేళకి పెళ్లికూతురు కుర్చీలోంచి లేచి, కంట్రోలు గది చివర కిటికీకున్న మందపాటి నల్ల తెర కొంచెం పక్కకి లాగి, ముక్కు అద్దానికి ఆనించి చూసేది. ఒక్క నిమిషం. కంప్యూటరు చంటిదాన్ని తనంతట తానే వెంబడిస్తుంది కాబట్టి ఆ నిమిషంలో ఏం మునిగిపోదని ఆమె ధైర్యం. మళ్లీ వచ్చి కూర్చుని, తెరమీద కుదురుగా వణుకుతున్న గీతని చూస్తూ, తనకి ఇద్దరు పసిపిల్లలున్నట్టు ఒకటే మురిసిపోయేది.

గోపురాన్ని తిప్పే మోటారు దగ్గర బాబాయి ఉండేవాడు. అందరికీ బాబాయే. మెట్లెక్కలేక మోకాళ్లు అరిగిపోయాయనీ, నేలమీదుండే ఏ ఆఫీసుకైనా బదిలీ చేయమనీ ఆయన ఏళ్ల తరబడి అర్జీలు పెడుతున్నాడు.

వీళ్లందరి పైన డైరెక్టరు గారు. చాటున ఆయన పేరు ప్రారంభోత్సవం గారు. ఆయన హయాంలో ప్రారంభం కానిది ఏదీ లేదు, పూర్తయినదీ ఏదీ లేదు. నీళ్ల ట్యాంకుకి ఒక శిలాఫలకం, సైకిలు స్టాండుకి ఒకటి, ఆ ఫలకాల్ని తుడవడానికి కొన్న నిచ్చెనకి ఒక ఇత్తడి బిళ్ల. కిందటేడు ఇంకేమీ దొరక్క, పాత గోపురాన్నే మళ్లీ ప్రారంభించారు. దుర్భిణి ఉండే గోపురానికి లోపలి గోడలు కాటుకలా నల్లగా ఉండాలి. పక్కనుంచి వెలుతురు దూరితే గోడకి తట్టి దుర్భిణి కంట్లో పడకూడదు కదా! కానీ ఫొటోల్లో నల్ల గోడ ముందు తన నల్ల కోటు కనపడదని, ఆయన లోపలంతా నిగనిగలాడే తెల్ల రంగు కొట్టించారు.

"ఎంత శుభ్రంగా ఉందో చూడు!" అన్నారు.

నిజంగానే శుభ్రంగా ఉంది. ఆపరేషన్ థియేటర్ లాగా ఉంది.

సీజను బాగానే నడుస్తోంది. తూర్పు స్టేషనులో ఒక పెద్దావిడ ఉండేది, తూర్పావిడ. ఆవిడ రోజూ ఫోన్ చేసి "పిల్లని పట్టుకున్నావా తల్లీ?" అని అడిగేది. ఈ మధ్య ఆవిడకి వానలు పట్టుకున్నాయి. మబ్బు తెరిపివ్వడం లేదు. "నా ఒళ్లో పిల్ల లేదు, గొడుగుంది. మొత్తం భారం నీదే," అంది ఆవిడ. పడమటి స్టేషనులో ఉండే పడమటాయన అందుకునేదాకా చంటిదాన్ని చూసే కళ్లు ఇక మన కొండమీదే. మనం తప్పుకుంటే గొలుసులో అంత మేర చిల్లు, పదకొండు చోట్ల మనుషులు పడిన పాటంతా ఆ చిల్లులోంచి కారిపోతుంది. పెళ్లికూతురికి ఈ సంగతి తెలుసు. తెలిసే, రోజూ కుర్చీలో ఇంకొంచెం నిటారుగా కూర్చునేది.

ఒక ఉదయం ప్రారంభోత్సవం గారు ఆమెని గదికి పిలిచారు. గోడమీద కొత్త ఫ్రేము. ఫ్రేములో ఒక గీత.

"కూర్చోమ్మా, కూర్చో. చరిత్ర సృష్టించినవాళ్లు నిలబడకూడదు," అన్నారాయన. "కేంద్రం నుంచి నాకు కబురొచ్చింది. మన దుర్భిణి లెక్కల్లో రోజూ సాయంత్రం, మొదలెట్టిన కాసేపటికి, మన నక్షత్రం మూడుసార్లు మెరుస్తోందట! వాళ్లేమన్నారో తెలుసా? 'ఇంకెవరి లెక్కల్లోనూ ఇవి లేవు' అన్నారు."

బల్లమీదున్న ఆ కబురు కాగితంలో ఆయన ఆ వాక్యం కింద ఎర్రగీత గీసుకున్నారు. దాని తర్వాతి వాక్యం పెళ్లికూతురు తల వంచి చదివింది. "దయచేసి కారణం ఏమిటో చూడండి" అని ఉంది. దానికింద ఏ గీతా లేదు.

"ఇంకెవరికీ కనపడలేదంటే మనమే ఏదో తప్పు చేస్తున్నామేమో సార్," అంది.

"అదేనమ్మా మన జాతి లక్షణం! ఒక మంచి జరిగితే తప్పేమో అనుకోవడం. రేపు సాయంత్రం పత్రికలవాళ్లని పిలిచాను. శాఖ పెద్దాయన ముఖ్య అతిథిగా వస్తున్నారు. అందరూ మన కంట్రోలు గదిలో కూర్చుని ప్రత్యక్షంగా చూస్తారు."

ఆమె లేచి ఫ్రేము దగ్గరికెళ్లింది. చంటిదాని వణుకు గీత సన్నగా పాకుతోంది. మధ్యలో మూడు గుబ్బలు. మొదటిది పొట్టిది. రెండోది పొట్టిది. మూడోది కాస్త సాగి, ఆరబుద్ధికానట్టు మెల్లగా దిగింది.

చేతిరాత చూసి మనిషిని గుర్తుపట్టినట్టు ఆమె తన మొగుణ్ణి గుర్తుపట్టింది. ముందు ముఖం వేడెక్కింది. తర్వాత మిగతాదంతా ఒక్కొక్కటే కలిసింది. సాయంత్రం వేళ చంటిది తూర్పున దిగువగా ఉంటుంది. గోపురం నోరు తూర్పుకి తెరుచుకుని ఉంటుంది. ఆఖరి మలుపూ తూర్పునే. ఎత్తుకి తిరిగిన బండి లైటు సూటిగా గోపురం నోట్లోకి దూరి, ఆ తెల్లటి నిగనిగల గోడమీద తుళ్లిపడి, దుర్భిణి కంట్లో పడుతోంది. ఆ ఒక్క నిమిషమే తను తెరముందు ఉండదు. ఎక్కడుంటుంది? కిటికీ దగ్గర, ముక్కు అద్దానికి ఆనించి!

"సార్," అంది. "ఇది నక్షత్రం కాదు."

"మరి?"

"మా ఆయన."

 ప్రారంభోత్సవం గారు కుర్చీలో వెనక్కి వాలి, తండ్రిలా నవ్వారు.

"చూడమ్మా. పెళ్లైన కొత్తలో ఎవరికైనా అంతే. ఎటు చూసినా మొగుడే కనపడతాడు. మా ఆవిడకీ అలాగే ఉండేది. మూడో నెలకల్లా తగ్గిపోయింది."

"కాదు సార్, నిజంగా ఆయన బండి లైటు. ఆ తెల్లరంగు మీద పడి..."

నవ్వు ఆగిపోయింది. "అంటే నేను వేయించిన రంగు తప్పంటావా?"

"తప్పని కాదు సార్. తెల్లదని."

"ఇంకో మాట. ఏడు రోజులకోసారి ఆ మెరుపులు ఉండటం లేదని కూడా కేంద్రం గమనించింది. దానికేమంటావు?"

"ఆదివారం ఆయనకి సెలవు సార్. ఇంట్లోనే ఉంటారు."

"నక్షత్రానికి మాత్రం సెలవుండదా?" అన్నారు ప్రారంభోత్సవం గారు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆదివారం పూట ఏదైనా పనిచేస్తుందంటేనే ఆయనకి అనుమానం తప్ప, చేయదంటే కాదు. "నువ్వు ఈ మాట నాతో అన్నావు, నేను వినలేదు. కేంద్రానికి పోయే ప్రతి కబురూ రేపటిదాకా నా చేతిమీదుగానే పోవాలి. వెళ్లు."

ఆమె వరండాలో నిలబడి ఆలోచించింది. నిజం చెప్తే, డ్యూటీలో ఉన్న మనిషి కిటికీలో వేలాడుతోందన్న సంగతి కూడా చెప్పాలి. ప్రపంచమంతా కన్నార్పకుండా చూడమని తన చేతికిచ్చిన పిల్లని కుర్చీలో వదిలేసి మొగుణ్ణి చూడ్డానికి పరిగెత్తిన మనిషిని గొలుసులో ఎవరుంచుతారు? చెప్పకపోతే, లేనిది చూశామన్నందుకు తీసేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు మధ్యాహ్నానికి ఆమెకి పాము చావకుండా, కర్ర విరగకుండా ఒక ఉపాయం తట్టింది. ఈ సాయంత్రం మొగుడు లైటు వేయకపోతే సరి! చంటిది మెరవదు. పత్రికలవాళ్లు ఆవలించి వెళ్లిపోతారు. రంగుమాటా రాదు, కిటికీమాటా రాదు. మెల్లగా ఆ మూడు గుబ్బలూ ఏదో తీగ తెగిన లోపమని లెక్కల్లోంచి కొట్టేస్తారు. ఇంత తెలివి తనకెప్పుడొచ్చిందా అని ఆమె తనమీద తనే ముచ్చటపడింది.

కంట్రోలు గదిలో కుర్చీలు సర్దిస్తున్న ప్రారంభోత్సవం గారు మూడడుగుల దూరంలో ఉండగా, గొంతు తగ్గించి ఫోన్ చేసింది.

"ఏవండీ, ఈరోజు మలుపులో లైటు వేయొద్దు."

అటువైపు ఏదో లిఫ్టు గుర్రుమంటోంది. "ఎందుకు?"

"తర్వాత చెప్తాను."

"తడి తువ్వాలు మంచంమీద పడేసినందుకా?"

"కాదండీ."

"మొన్న మీ అక్క ఫోన్ చేస్తే నిద్రపోతున్నానని చెప్పమన్నాను, అందుకా?"

"అబ్బ, కాదు."

"మరి కోపం దేనికి?"

"కోపమేమీ లేదు. ఏమీ లేదు. పెట్టేస్తున్నా."

ఆమె నిజంగానే ఏమీ లేదనుకుని ఫోన్ పెట్టేసింది. కానీ అటువైపు ఉన్నవాడు కూడా కొత్త పెళ్లికొడుకేనని ఆమె మర్చిపోయింది. భార్య "ఏమీ లేదు" అంటే ఏదో చాలా ఉందని అర్థమనీ, "తర్వాత చెప్తాను" అంటే ఆ తర్వాత అనేది మంచిగా ఉండదనీ, అతనికి అనుభవజ్ఞులైన లిఫ్టు మెకానిక్కులందరూ ముందే హెచ్చరించి ఉన్నారు.

సాయంత్రమైంది. కంట్రోలు గదిలో కుర్చీలు చాలలేదు. శాఖ పెద్దాయన మధ్యలో కూర్చున్నారు. ఆయన ఎక్కడికెళ్లినా ముందు వరసలో కూర్చుని, మధ్యలో కునికి, చివర్లో "చాలా ఆనందంగా ఉంది" అంటారని పేరు. తెరమీద చంటిదాని గీత సన్నగా వణుకుతూ పోతోంది. బాబాయి మోటారు దగ్గర్నుంచి వచ్చి పెళ్లికూతురి కుర్చీ వెనక నిలబడి, చేతులు కట్టుకుని దానివైపే భక్తిగా చూస్తున్నాడు.

"ఏంటి బాబాయి?" అంది పెళ్లికూతురు గుసగుసగా.

"ఏం లేదమ్మా. ఇది మామూలు నక్షత్రం కాదంటున్నారు కదా. నా బదిలీ సంగతి ఒకమాట అడిగి చూద్దామని."

ప్రారంభోత్సవం గారు లేచి ఉపన్యాసం అందుకున్నారు. "ప్రపంచంలో ఎన్నో దుర్భిణులున్నాయి. కానీ ఈ నక్షత్రం మూడుసార్లు కన్నుకొట్టడానికి మన కొండనే ఎంచుకుంది. ఎందుకు? అర్హత! పరిశుభ్రత!"

పెళ్లికూతురు గీతని చూస్తోంది. ఆ వేళ వచ్చింది. గీత మామూలుగానే పోయింది. ఇంకాసేపయింది. మామూలే. ఆమెకి ఊపిరి తేలికైంది. పత్రికలవాళ్లలో ఒకడు అప్పుడే ఆవలించాడు. ఆ ఆవలింత ఆమెకి ఎంత అందంగా కనిపించిందో చెప్పలేం.

సరిగ్గా అప్పుడు గీత ఎగిరింది.

ఒకటి, రెండు, మూడోది పొడుగు. మళ్లీ ఒకటి, రెండు, పొడుగు. మళ్లీ. గీత తెరమీద గెంతులేస్తోంది. గది గదంతా లేచి నిలబడింది. కునుకులో ఉన్న పెద్దాయన ఉలిక్కిపడి, "ఏమంటోంది? ఏమంటోంది?" అని అడిగారు.

"మీకు స్వాగతం చెబుతోంది సార్!" అన్నారు ప్రారంభోత్సవం గారు, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా.

"ఇన్నిసార్లా?"

"మీ హోదాని బట్టి సార్."

బాబాయి రెండు చేతులూ జోడించాడు.

పెళ్లికూతురికి జరిగింది జరిగినట్టు కళ్లముందు కనిపించింది. వద్దన్నందుకు మొగుడు చిన్నబుచ్చుకున్నాడు. చిన్నబుచ్చుకుని ఊరుకున్నా బాగుండేది, బుజ్జగించడానికి వచ్చాడు! మలుపులో బండి ఆపి, తను కిటికీ దగ్గరికొచ్చి తెర తీసేదాకా వదలకూడదని కూర్చున్నాడు. తనేమో ఇంతమంది మధ్య కుర్చీలో అతుక్కుపోయి ఉంది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. పడమటాయన. గీత ఆయనకీ కనపడుతోంది. "ఏంటమ్మా ఇది? చంటిదానికి ఫిట్స్ వచ్చాయా? మీరు నిజమంటే ఇప్పుడే మా కెమెరా విప్పేసి, వేగంగా తీసేది బిగిస్తాం. బిగిస్తే ఈ రాత్రికి మామూలు లెక్క పోయినట్టే. పోతే పోనీ, ఇంత పెద్ద సంగతి ముందు అదెంత? చెప్పండి, విప్పమంటారా?"

ఫోను ప్రారంభోత్సవం గారి చేతికి పోయింది. "విప్పండి!" అన్నారాయన, రిబ్బను కత్తిరించే గొంతుతో. "ప్రపంచంలోని దుర్భిణులన్నీ విప్పండి!"

పెళ్లికూతురికి ఇక తన పరువు గుర్తు రాలేదు. చంటిది ఒక్కటే గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ చేతులు మారుతూ వచ్చిన పిల్ల, ఇంకొక్క క్షణంలో అందరి చేతుల్లోంచీ ఒకేసారి జారిపోబోతోంది. ఆమె కుర్చీ తన్నుకుంటూ లేచి, పెద్దాయన మోకాళ్లు దాటుకుంటూ గది చివరికి పరిగెత్తి, నల్లతెర మొత్తం లాగేసి, కిటికీ రెక్కలు బార్లా తెరిచి, కొండ ప్రతిధ్వనించేలా అరిచింది.

"ఏవండీ! ఆపండి!"

తెరమీద గీత ఆగిపోయింది. మళ్లీ సన్నటి వణుకు, ఏమీ ఎరగనట్టు.

 శాఖ పెద్దాయన నోరు తెరిచి ఆమెవైపు చూశారు.

"ఈ అమ్మాయి చెబితే నక్షత్రం వింటుందా?"

ఎవరూ జవాబు చెప్పేలోపు, కింద చీకట్లోంచి ఒక మగగొంతు ఆశగా పైకి తేలివచ్చింది.

"కోపం పోయిందా?"

అప్పుడు చూడాలి పత్రికలవాళ్ల ఆనందం! నక్షత్రం మాట్లాడినా అంత సంతోషించేవాళ్లు కాదు. పెళ్లికూతురు వెనక్కి తిరిగి, ప్రారంభోత్సవం గారి చేతిలోంచి ఫోను తీసుకుంది. 

"కెమెరా విప్పకండి. అది నక్షత్రం కాదు, మా ఆయన బండి లైటు. రోజూ వచ్చేవి కూడా అవే. ఆ వేళకి నేను తెరముందు లేను, కిటికీ దగ్గరున్నాను. మా గోపురం లోపల రంగు తెల్లగా ఉంది. మీరు మామూలుగానే అందుకోండి."

 "అంటే మీ ఆయన మాకు దాదాపు స్క్రూడ్రైవర్ పట్టించాడన్నమాట," అన్నాడు పడమటాయన.

శాఖ పెద్దాయన లేచి, కోటు సర్దుకుని, అలవాటు కొద్దీ "చాలా ఆనందంగా ఉంది" అని వెళ్లిపోయారు. ఆయన ఉద్యోగజీవితంలో ఆ మాట నిజంగా అన్నది ఆ ఒక్కసారేనని తర్వాత డ్రైవరు చెప్పాడు. కారులో కిందికి దిగేదాకా నవ్వుతూనే ఉన్నారట.

మర్నాడు పొద్దున్నే గొలుసంతా వీడియో కాల్‌లో కూర్చుంది. తెరమీద పదకొండు గళ్లు. ఒక గడిలో ఎండ, ఒక గడిలో చీకటి, ఒకాయన దుప్పటి కప్పుకుని, ఒకావిడ పళ్లు తోముకుంటూ. మధ్య గడిలో కేంద్రం మేడం. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరు. ప్రారంభోత్సవం గారికి అర్ధరాత్రి నుంచి జ్వరం తగిలిందని కబురొచ్చింది. కాబట్టి పెళ్లికూతురూ, పక్కన కేంద్రం పిలిపించిన పెళ్లికొడుకూ, ఒకే కుర్చీకి చెరో సగం కూర్చున్నారు.

"నిన్న సాయంత్రం మీరు ఎన్నిసార్లు లైటు వేశారు?" అంది కేంద్రం మేడం.

పెళ్లికొడుకు గొంతు సవరించుకున్నాడు. "లెక్కపెట్టలేదండీ. తను కిటికీ దగ్గరికొచ్చేదాకా వేద్దామనుకున్నాను."

"కారణం?"

"తనకి కోపమొచ్చిందనుకున్నానండీ."

"వచ్చిందా?"

"రాలేదంటోంది. కానీ రాలేదని ఎలా నమ్మడం? ఫోన్లో 'ఏమీ లేదు' అంది."

గళ్లలో పెళ్లైన మగవాళ్లందరూ ఒకేసారి తలలూపారు. అంతకుముందు ఏ శాస్త్ర విషయంలోనూ ఆ గొలుసులో అంత ఏకాభిప్రాయం రాలేదు.

"ఆదివారాలు?" అంది మేడం.

"ఆదివారం ఇంట్లోనే ఉంటానండీ."

మేడం పక్క గడిలో ఒక గడ్డపాయన నెమ్మదిగా కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఆ నక్షత్రం ఏడు రోజులకోసారి ఎందుకు విశ్రాంతి తీసుకుంటుందో వివరిస్తూ ఆయన సగం వ్యాసం రాసేశాడు. చాలా అందమైన సిద్ధాంతమట. దాంట్లో లేనిదల్లా మోటారుసైకిలు.

"మా నియమం మీకు తెలుసు," అంది మేడం పెళ్లికూతురితో. "లేనిది చూశామంటే తీసేస్తాం."

పెళ్లికూతురు చేతులు ఒళ్లో పెట్టుకుంది. "తెలుసండీ. కుర్చీ వదిలి వెళ్లింది నేనే. నన్ను తీసేయండి. కానీ దుర్భిణిని తీయకండి. తూర్పున మబ్బుంది. ఈ సాయంత్రం మేం అందుకోకపోతే పడమటాయన లేచేదాకా దానికి ఎవరూ ఉండరు. నా బదులు ఎవరినైనా కూర్చోబెట్టండి. బాబాయినైనా సరే."

వెనకనుంచి "నన్నెందుకమ్మా ఇరికిస్తావు, నా మోకాళ్లు!" అని వినిపించింది.

అప్పుడు తూర్పావిడ గొడుగు పక్కన పెట్టింది. "ఒక్కమాట మేడం. లేనిది చూశామని ఈ పిల్ల ఎప్పుడంది? చూశామన్నది ఆ జ్వరమొచ్చినాయన. ఈ పిల్ల చూడలేదనే చెప్పింది, అదీ ముఖ్య అతిథి ముందు. మాలో ఎవరం చెప్తాం? నేనైతే తీగ తెగిందనేదాన్ని."

"నేను మబ్బనేవాణ్ణి," అన్నాడు దుప్పటాయన.

కేంద్రం మేడం కాగితాలు కాసేపు సర్దింది. లైటు పడిన చోట్లన్నీ రెండు పొట్టి, ఒక పొడుగుగా అచ్చు గుద్దినట్టు ఉండటంతో, వాటిని లెక్కల్లోంచి చింతపిక్కలు ఏరేసినట్టు ఏరేయొచ్చట. కారణం తెలిసిన తప్పుని తీసేయొచ్చు, తెలియని తప్పే ప్రమాదమట. ఆవిడ ఇదంతా చెప్పి, పెళ్లికొడుకు వైపు తిరిగింది.

"స్టేషను గొలుసులో ఉంటుంది. ఆ అమ్మాయి కూడా. రెండు షరతులు. ఒకటి, గోపురం లోపల నల్లరంగు. రెండోది మీకు. పొద్దుగూకాక ఆ మలుపులోకి మీ బండి రాకూడదు."

"మా పని ఆరింటిదాకా ఉంటుందండీ."

"మీ కంపెనీకి మేం రాస్తాం."

రాసింది కూడా. భూమి చుట్టూ పరుచుకున్న పదకొండు దుర్భిణుల తరఫున, ఒక నక్షత్రం కడుపులోని సంగతులు తేలాలంటే మీ ఇంజనీరుని పొద్దుండగానే ఇంటికి పంపవలసిందిగా కోరుతున్నాం అని. లిఫ్టుల కంపెనీ యజమాని ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, ఇంతకాలం తను నడుపుతున్నది ఇంత ముఖ్యమైన కంపెనీ అని తనకెవరూ చెప్పలేదేమని మేనేజరుని కోప్పడ్డాడు.

గోపురానికి నల్లరంగు ఆ మధ్యాహ్నమే మొదలైంది. రంగువాళ్లు నిచ్చెనెక్కగానే ప్రారంభోత్సవం గారికి జ్వరం దిగిపోయింది. తెల్ల కోటు వేసుకుని వచ్చి, మొదటి కుంచె తనే ముంచారు.

సాయంత్రం ఎండ పూర్తిగా పోకముందే పెళ్లికొడుకు కొండెక్కి వచ్చేశాడు. ఇద్దరూ గోపురం మెట్లమీద కూర్చుని టీ తాగారు. పెళ్లయ్యాక పనిరోజున వెలుతుర్లో కలిసి తాగిన మొదటి టీ అది. అతని చెవి దగ్గర గ్రీజు మరక ఉందని ఆమె కనిపెట్టింది. ఒక నక్షత్రాన్ని కనిపెట్టినంత సంబరపడింది.

తర్వాత తూర్పావిడ ఫోన్ చేసింది. "ఇంకా మబ్బే తల్లీ. నువ్వే ఎత్తుకో."

కంట్రోలు గదిలో రంగు వాసన గుప్పుమంటోంది. కిటికీకి తెర బిగించి, అంచులకి టేపు కూడా అంటించారు. పెళ్లికూతురు కుర్చీలో కూర్చుంది. పెళ్లికొడుకు పక్కన ముక్కాలి పీటమీద, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, పరీక్ష హాల్లో కుర్రాడిలా కూర్చున్నాడు.

"నేనేం చేయాలి?"

"ఏం చేయకూడదు."

"ఎంతసేపు?"

"పడమటాయన అందుకునేదాకా."

గీత మెల్లగా పాకడం మొదలెట్టింది. సన్నగా వణికింది. కాసేపటికి పిసరంత పైకి లేచింది. పెళ్లికొడుకు బిగుసుకుపోయాడు. తన జేబులో ఫోను ఆరిపోయి ఉందో లేదో తడుముకుని చూసుకున్నాడు. చేతి గడియారం మీద అరచెయ్యి మూశాడు.

"ఇది నేను కాదుగా?" అన్నాడు భయంభయంగా.

"కాదు," అంది ఆమె, తెరమీంచి చూపు తిప్పకుండా. "ఇది అదే."

అతను ఊపిరి వదిలి, పీట ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.